జరగని ప్రాక్టికల్

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, కింద చీరల షాపు, పైన మూడంతస్తుల్లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఉండేది. అందులో వేదవతి కెమిస్ట్రీ లెక్చరరు. పాఠాలు చెప్పడం కాక ఆవిడకి ఇంకో పని కూడా అంటగట్టారు. వేరే యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదివి, రెండో సంవత్సరానికి ఇక్కడికి మారివచ్చే పిల్లల కాగితాలు చూడడం. అక్కడ చదివిన పేపర్లేమిటి, ఇక్కడ చదవాల్సినవేమిటి, రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ కలవవు, అన్నీ తేల్చి ఆవిడ సంతకం పెడితేగానీ ఇక్కడి యూనివర్సిటీ ఆ పిల్ల పేరు రాసుకోదు. పేరు రాసుకుంటేనే రిజిస్ట్రేషన్ నంబరు. నంబరు లేని పిల్ల క్లాసులో కూర్చున్నా కూర్చోనట్టే లెక్క.

ఈ పనంటే మిగతా లెక్చరర్లు ఆమడ దూరం పారిపోయేవారు. వేదవతి మాత్రం ఇష్టంగానే చేసేది. రెండు ఊళ్ళ సిలబస్ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని, వేలు పెట్టి వరుసగా చూసుకుంటూ పోతుంటే ఆవిడకి వేరే ధ్యాస ఉండేది కాదు. ఎవరు బతిమాలినా లేనిదాన్ని ఉందని రాసేది కాదు. ఉన్నదాన్ని లేదనీ అనేది కాదు. "ఆవిడ దగ్గరికెళ్తే కన్నీళ్ళు పనిచెయ్యవు, కాగితాలే పనిచేస్తాయి" అని ఆఫీసులో నవ్వుకునేవారు.

రెండు వేల పదకొండు ఆగస్టులో సంగతి. వానలు సరిగ్గా లేవు, ఉక్కగా ఉంది. ఆ రోజు పొద్దున మొదట వచ్చినమ్మాయి సింధూర. భీమవరం నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నకి బ్యాంకులో బదిలీ అయింది. పేపర్లన్నీ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. పావుగంటలో పని ముగించుకుని, "థాంక్యూ మేడం" అంటూ తండ్రీకూతుళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాత వచ్చింది సంతోషి. నల్గొండ జిల్లాలో చిట్యాల పక్క పల్లె. తండ్రి మట్టయ్య వ్యాను డ్రైవరు. ఊళ్ళ తోటల నుంచి కొత్తపేట పండ్ల మార్కెట్‌కి బత్తాయిలు తోలుతాడు. రోజూ రానూపోనూ తిరగలేక సంసారాన్ని హయత్‌నగర్‌కి తెచ్చి, రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. అందుకని కూతురు కూడా కాలేజీ మారాల్సి వచ్చింది. పిల్ల పక్కన తల్లి సైదమ్మ, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది.

వేదవతి మార్కుల కాగితం చూసింది. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. థియరీ పేపర్లన్నీ పాసు. రెండు ప్రాక్టికల్సూ పాసు. కెమిస్ట్రీ ప్రాక్టికల్ దగ్గర మాత్రం మార్కు లేదు. 'యాబ్సెంట్' అని ఉంది.

"ఇదేంటమ్మా? ప్రాక్టికల్ రాయలేదా? ఒంట్లో బాగాలేదా?"

అడగడంలోనే జవాబు కూడా చేతికి అందించినట్టయింది. ఔనని తలూపితే సరిపోయేది. ఆ పిల్ల తలూపలేదు.

"జరం గిట్ల ఏం లేదు మేడం. పోలీసోళ్ళు పట్టుకున్నరు."

సైదమ్మ కూతురి మోచెయ్యి గిల్లింది. "గదంత ఎందుకే ఇప్పుడు? మేడం, మా పిల్లకు బాగ చదువొస్తది. గా ఒక్కటి జర చూడున్రి."

"అడుగుతుండ్రు గదనే, చెప్పొద్దా?" అంది సంతోషి తల్లితో. మళ్ళీ వేదవతి వైపు తిరిగింది. "రాష్ట్రం కోసం మిలియన్ మార్చ్‌కు పోతున్నం మేడం, మా కాలేజోళ్ళం. తెల్లారి ప్రాక్టికల్ ఉండె. మాపటికల్ల ఇంటికొస్తం గదా అనుకున్న. పెద్ద అంబర్‌పేట్ కాడ బస్సు ఆపి అందర్ని దించిన్రు. ఒక ఫంక్షన్ హాల్ల కూసోబెట్టిన్రు. రేపు పరీక్షుంది సార్ అని మొత్తుకున్న. రేపే ఇడుస్తం పో అన్నరు. ఇడిచేటాలకు పరీక్ష ఒడిసిపోయింది."

వేదవతి పెన్నుకి మూత పెట్టింది. ఆవిడది రేపల్లె. పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చింది. ఎల్బీనగర్‌లో చింతలకుంట వైపు సొంత ఇల్లు. భర్త పట్టాభి చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. ఏడాదిన్నర కిందట ఊరంతా అట్టుడికిపోతున్న రోజుల్లో ఎవరో విసిరిన రాయి తగిలి ఆ సెంటరు అద్దాలు పగిలాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పటినుంచి ఇంట్లో టీవీలో ఉద్యమం వార్తలు మొదలవగానే పట్టాభి ఛానల్ మార్చేస్తాడు. కాలేజీలో ఎవరైనా ఆ మాట ఎత్తితే వేదవతి పేపర్లు దిద్దుకుంటూ తల వంచుకునేది. ఎవరినీ ఏమీ అనకుండా, ఎవరిచేతా ఏమీ అనిపించుకోకుండా రోజులు గడిపేయడం అలవాటు చేసుకుంది.

ఇప్పుడీ పిల్ల ఆ మాటని నేరుగా తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"చూడమ్మా. నువ్వు ఎందుకు రాయలేదన్నది నాకు అక్కర్లేదు. మార్కు లేదు, అంతే. ఒక్క పేపరు తక్కువైతే దానికి మా కాలేజీలోనే పరీక్ష పెట్టొచ్చని రూలుంది. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఈ సెప్టెంబరు ఆఖరుకల్లా ఆ మార్కు యూనివర్సిటీకి చేరాలి. చేరితే నీకు నంబరు వస్తుంది. లేదంటే ఈ ఏడాది ఇంతే."

"పెట్టున్రి మేడం. రాస్త."

అంత తేలిగ్గా అనేసిందేమిటా అనుకుంది వేదవతి.

*

ఆ తేలికతనం ఎందుకో తర్వాతి వారం తెలిసింది. క్లాసులయ్యాక ల్యాబులో ఉండమని, ఒక లవణం ఇచ్చి అదేమిటో కనిపెట్టమంది. సంతోషి వరసలన్నీ గడగడా అప్పజెప్పింది. ఏ పరీక్షలో ఏ రంగొస్తుందో, ఏ వాసనొస్తుందో అన్నీ నోటికొచ్చు. కానీ బర్నరు వెలిగించబోయి రెండు అగ్గిపుల్లలు ఆర్పేసుకుంది. టెస్ట్‌ట్యూబు మూతి తన మొహం వైపు తిప్పుకుని వేడి చేయబోతే వేదవతి చటుక్కున చెయ్యి పట్టుకుని పక్కకి తిప్పింది.

"ఎప్పుడూ చెయ్యలేదా నువ్వు?"

"మా కాడ గ్యాస్ లేకుండె మేడం. సారే బోర్డు మీద అన్ని రాసి చెప్పెటోడు. ఇగో గిట్ల నీలం రంగొస్తది, గిట్ల పొగొస్తది అని. మేము రాసుకునేది."

వేదవతికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మొదటినుంచి మొదలుపెట్టింది. అగ్గిపుల్ల గీయడం, ట్యూబు వాల్చి పట్టుకోవడం, వాసన చూడాలంటే ముక్కు దగ్గర పెట్టుకోకుండా చేత్తో గాలి విసురుకోవడం. గోధుమరంగు వలయం వచ్చే నైట్రేట్ పరీక్ష చేయించిన రోజు సంతోషి ఆ ట్యూబుని కదపకుండా చాలాసేపు పట్టుకుని నిలబడిపోయింది. ద్రావణానికీ ఆసిడ్‌కీ మధ్యలో ఉంగరంలా సన్నటి గీత.

"నిజంగనే వస్తది మేడం!"

"మరి? పుస్తకంలో అబద్ధం రాస్తారనుకున్నావా?"

"అట్ల గాదు. నేను గది నూరుసార్లు రాసిన. ఎన్నడు చూడలే."

ఆ పిల్లలో ఒకే ఒక్క లోపం కనిపించింది వేదవతికి. తొందర. సగం చూడగానే ఇది ఫలానా అని తేల్చేస్తుంది. చూసిందే రాయమని, అనుకున్నది రాయొద్దని ఎన్నిసార్లు చెప్పినా తలూపేది, మళ్ళీ అలాగే చేసేది. అయినా సాయంత్రం ఆ గంట ఎప్పుడవుతుందా అని తనే ఎదురుచూస్తున్నట్టు వేదవతికి తెలుస్తూనే ఉంది. జీతానికి మించిన పని ఇన్నాళ్ళకి ఒకటి దొరికినట్టుంది.

*

సెప్టెంబరు మధ్యలో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి. ఆ తర్వాత కొద్దిరోజులకి బస్సులు ఆగిపోయాయి. కాలేజీకి సెలవులిచ్చారు. ప్రాక్టికల్ పరీక్ష తేదీ మాత్రం నెలాఖర్లో అలాగే ఉంది.

ల్యాబు లేకపోతే పోయింది, నోటి ప్రశ్నలకైనా తయారవమని వేదవతి ఆ పిల్లని ఇంటికి రమ్మంది. తండ్రి వ్యాను ఎల్బీనగర్ వైపు వచ్చిన రోజున సంతోషి అందులో వచ్చి చింతలకుంటలో దిగేది. ముందుగదిలో చాప వేసుకుని ఇద్దరూ కూర్చునేవారు. ఒకరోజు పట్టాభి ఇంట్లోనే ఉన్నాడు. సెంటరు కూడా మూసేశారు. కాసేపు పేపరు చదివాడు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"అమ్మాయ్, ఒక మాటడుగుతాను, ఏమీ అనుకోవు కదా. మా సెంటరు అద్దాలు మీవాళ్ళు పగలగొట్టారు తెలుసా?"

"ఏమండీ," అంది వేదవతి.

సంతోషి పుస్తకం మూసింది. "మావోళ్ళంటే ఎవరు సార్? నేనైతె రాయి ఎయ్యలే. మా నాయిన ఎయ్యలే. మా ఊరోళ్ళు ఎయ్యలే."

"అలాక్కాదులే. మొత్తమ్మీద..."

"మొత్తమ్మీదంటే ఎట్ల సార్? మా ఊర్ల బాయి నీళ్ళు తాగి మా తాత నడుం వంగిపోయింది. ఫ్లోరైడ్ నీళ్ళు. పక్కపొంటి కాలువ పోతది, గా నీళ్ళు మాకు రావు. ఆంధ్రోళ్ళు మా నీళ్ళు తీసుకపోయిన్రు అంటరు మా ఊర్ల. మేడం తీసుకపోయిందా? నేను మేడంను అట్ల ఎన్నడన్న అన్ననా?"

పట్టాభి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "టీ తాగుతావా?" అన్నాడు.

"తాగుత సార్."

తనే లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఒప్పుకున్నారనీ కాదు. ఆ పిల్ల వెళ్ళాక పట్టాభి, "గట్టి పిల్లే" అని మాత్రం అన్నాడు.

*

పరీక్షకి ముందురోజు సాయంత్రం ప్రిన్సిపాల్ సాంబమూర్తి ఫోను చేశాడు. మర్నాడు బంద్ అని పిలుపొచ్చింది.

"అయినా కానిచ్చేద్దాం వేదవతి గారూ. ముందు షట్టరు దించే ఉంటుంది. వెనక మెట్ల మీదినుంచి రండి. ఎగ్జామినర్ రామస్వామి గారితో మాట్లాడాను, మలక్‌పేట నుంచి ఆయన స్కూటర్ మీద వచ్చేస్తానన్నారు. ఒక్క పిల్లే కదా, రెండు మూడు గంటల్లో అయిపోతుంది. ఎవరూ చూడరు. గడువు దగ్గరికొచ్చేసింది, మళ్ళీ తేదీ దొరకదు."

వేదవతి సంతోషి ఇంటికి ఫోను చేసి చెప్పింది. ఆ పిల్ల అంతా విని, "మంచిది మేడం" అంది. గొంతులో ఏదో తేడా ఉన్నట్టు తోచింది గానీ వేదవతి పట్టించుకోలేదు.

"బస్సుల్లేవు, ఆటోల్లేవు. వాళ్ళ బంద్ రోజున వాళ్ళమ్మాయి పరీక్ష కోసం నువ్వు నడుచుకుంటూ వెళ్తావా?" అన్నాడు పట్టాభి పొద్దున్నే.

"వెళ్ళకపోతే ఎలాగండీ. ఎగ్జామినర్ వస్తాడు కదా."

మంచినీళ్ళ సీసా సంచిలో వేసుకుని బయల్దేరింది. రోడ్డు మీద బళ్ళు లేకపోతే ఎల్బీనగర్ ఎంత వెడల్పుగా ఉంటుందో ఆవిడ అంతవరకూ చూడలేదు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. పిల్లలు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నారు. చౌరస్తా దగ్గర షామియానా వేసి ఉంది. ఆ రోజు వంటావార్పు. రోడ్డు మధ్యనే రాళ్ళ పొయ్యిలు పెట్టి పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. పొగ, పసుపు వాసన, మైకులో ఎవరిదో ఉపన్యాసం. తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోదామనుకుంది.

"మేడం!"

సైదమ్మ. చేతిలో గరిటె. పొయ్యి ముందునుంచి లేచి వచ్చింది. ఆమె వెనక షామియానా కింద, ఆడపిల్లల మధ్య సంతోషి కూర్చుని ఉంది. వేదవతిని చూసి లేచి నిలబడింది, కానీ దగ్గరికి రాలేదు.

"మీరన్న చెప్పున్రి మేడం," అంది సైదమ్మ. "పొద్దుగాల్నుంచి మొత్తుకుంటున్న. పోయి పరీక్ష రాసి రాపోవె, నీ జాగల నేను కూసుంట అన్న. ఇంటలేదు."

వేదవతి తనే దగ్గరికెళ్ళింది. "పద సంతోషీ. ఇప్పుడు బయల్దేరితే సరిగ్గా వేళకి చేరతాం."

ఆ పిల్ల కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. "నేను రాను మేడం."

"రానంటే? నిన్న మంచిదన్నావు కదా?"

"ఫోన్ల చెప్పనీకి ధైర్యం చాలలే. నాకు రావాల్ననే ఉన్నది మేడం. కానీ ఎట్ల రావాలె? గీళ్ళంత పరీక్షలు ఇడిచిపెట్టి వచ్చినోళ్ళే. గా స్రవంతక్క డీయస్సీ కోచింగ్ ఇడిచిపెట్టింది. నేను గిక్కడినుంచి లేచి, దొంగలెక్క ఎనక మెట్లెక్కి పరీక్ష రాసొస్తే రేపు వీళ్ళ పక్కన ఎట్ల కూసోవాలె?"

"ఏడాది పోతుంది నీకు. తెలుసా?"

"ఎరుకే."

"పోయినసారి పోలీసులు పట్టుకున్నారు, నీ తప్పేం లేదు. ఈసారి నీ అంతట నువ్వే పోగొట్టుకుంటున్నావు."

"ఔ మేడం. అప్పుడు వాళ్ళు గుంజుకున్నరు. గిప్పుడు నేనే ఇడుస్తున్న."

వేదవతికి కోపం ముంచుకొచ్చింది. ఇన్ని సాయంత్రాలు ల్యాబులో నిలబడ్డది దీనికోసమా? ఇంత దూరం నడిచి వస్తున్నది దీనికోసమా? నోటిదాకా వచ్చిన మాట మింగేసి గిరుక్కున వెనక్కి తిరిగింది. సైదమ్మ ఆపింది. "ఎండల నడిసొచ్చిన్రు. జరసేపు కూసోన్రి. నీళ్ళు తాగున్రి." తన సంచిలో సీసా ఉందన్న సంగతి కూడా మరిచిపోయి వేదవతి అక్కడే, షామియానా అంచున ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. సైదమ్మ స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చిచ్చింది. ఎవరూ ఆవిణ్ణి ఏ ఊరని అడగలేదు. పక్కనున్న ముసలాయన పేపరు మడిచి విసురుకుంటూ, "ఎండ బాగున్నది" అన్నాడు. "అవునండీ" అంది వేదవతి. ఆ 'అవునండీ'లో తన ఊరు తెలిసిపోయిందేమో అనుకుంది. ఆయన విసురుకుంటూనే ఉన్నాడు. నీళ్ళు తాగి, గ్లాసు ఇచ్చి, సంతోషి వైపు చూడకుండా లేచి నడిచింది.

కొత్తపేట మార్కెట్ మూసి ఉన్నా గాలిలో మగ్గిన పండ్ల వాసన అలాగే ఉంది. చైతన్యపురి దాటేసరికి కోపం కాళ్ళలోంచి జారిపోయింది. దాని బదులు ఇంకో ఆలోచన పట్టుకుంది. కాసేపట్లో రామస్వామి మార్కుల కాగితం ముందు పెడతాడు. అందులో మళ్ళీ అదే మాట రాయాలి. యాబ్సెంట్. ఫంక్షన్ హాల్లో బంధించిన రోజుకీ అదే మాట, ఇవాళ్టికీ అదే మాట. రెండోసారి కూడా అది పడిందంటే ఏ యూనివర్సిటీ మళ్ళీ తేదీ ఇవ్వదు.

*

వెనక మెట్ల మీద రామస్వామి హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, ఆయనదీ నల్గొండ జిల్లాయే. ఆయనతో కలిసి పైకెళితే, గదిలో సాంబమూర్తి ఫ్యాను కింద ఉన్నాడు.

"అమ్మాయేదండీ?" అన్నాడు సాంబమూర్తి.

"రాదండీ."

"రాదా! ఇంకేం, యాబ్సెంట్ రాసేసి పంపించండి. మన పని మనం చేశాం."

వేదవతి కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చుకుంది. "యాబ్సెంట్ అని రాయాలంటే పరీక్ష జరిగి ఉండాలి కదండీ. ఇవాళ కాలేజీ మూసి ఉంది. నోటీసు బోర్డులో సెలవని మీరే పెట్టించారు. మూసి ఉన్న కాలేజీలో పరీక్ష జరిగిందని నేనెలా రాస్తాను? బంద్ వల్ల పరీక్ష నిర్వహించలేదు అని రాస్తాను. వేరే తేదీ ఇమ్మని అడుగుతాను."

"మనం ముగ్గురం ఇక్కడ కూర్చున్నాం కదా?"

"కూర్చున్నాం. ల్యాబు తాళం తియ్యలేదు. లవణం సీసా బయటికి తీయలేదు. జరగలేదు."

సాంబమూర్తి రామస్వామి వైపు చూశాడు, కాస్త చెప్పండన్నట్టు. రామస్వామి గొంతు సవరించుకున్నాడు.

"నన్నడిగితే మేడం అన్నదే మంచిగున్నది సార్. మా లెక్చరర్ల సంఘమోళ్ళు పొద్దున్నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండ్రు. శిబిరంల కూసోకుండ ఎక్కడికి పోయినవ్ అని. పరీక్ష జరిగిందని రాస్తే కింద నా సంతకం ఉంటది. బంద్ నాడు నేను డ్యూటీ చేసినట్టయితది. జరగలేదంటే నేను ఈడికి రానట్టే." హెల్మెట్ తలకి పెట్టుకుంటూ, "నేను రాలే సార్" అన్నాడు.

వేదవతికి నవ్వు ఆగలేదు. సాంబమూర్తి కూడా నవ్వాపుకోలేక తల పట్టుకున్నాడు.

"సరే, రాయండి. కానీ వాళ్ళు తేదీ ఇవ్వకపోతే ఆ పిల్ల తల్లిదండ్రులకి మీరే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటానండీ."

ఉత్తరం రాసి సాంబమూర్తికి ఇచ్చింది. అది పట్టుకెళ్ళి ఇచ్చేందుకు యూనివర్సిటీలో పుచ్చుకునేవాళ్ళు లేరు. అక్కడా సమ్మే. గడువు తేదీ వచ్చింది, పోయింది. వేదవతికి ఆ రోజులు నిలకడ లేకుండా గడిచాయి. పండగ వంటలు చేస్తున్నా, పట్టాభితో మాట్లాడుతున్నా లోపల ఏదో పీకుతూనే ఉండేది. తన పట్టుదలతో ఆ పిల్లకి మేలు చేసిందో, ఉన్న ఒక్క దారీ మూసిందో తెలియదు. సంతోషి ఫోను చేయలేదు. ఆవిడా చేయలేదు. దసరా రోజున మాత్రం సైదమ్మ నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తితే, "పండగ శనార్తులు మేడం" అని సంతోషి గొంతు. "చదువుతున్నావా?" అంది వేదవతి. "చదువుతున్న మేడం."

*

అక్టోబరు నెలాఖరుకి సమ్మె ఆగింది. బస్సులు అంతకుముందే తిరగడం మొదలుపెట్టాయి. యూనివర్సిటీ తలుపులు తెరిచేసరికి ఇలాంటి ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయట. ఒక్కొక్కటీ చూసే ఓపిక లేక అందరికీ కలిపి ఇంకో గడువిచ్చారు. 'నిర్వహించలేదు' అని ఉన్నవాటికి మాత్రమే. 'యాబ్సెంట్' ఉన్నవాళ్ళు వచ్చే మార్చి దాకా ఆగాల్సిందే. ఆ కాగితం చదివి సాంబమూర్తి వేదవతి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నవంబరు మొదటి వారంలో, మబ్బుపట్టిన ఒక మధ్యాహ్నం, రామస్వామి వచ్చాడు. ఈసారి ముందు మెట్ల మీదినుంచే. సంతోషికి ఒక తెల్లటి పొడి వచ్చింది. తొందరపడకుండా చేసింది. వలయం వచ్చింది, నైట్రేట్ అని రాసింది. తర్వాత మంట రంగు చూడడంలో చాలాసేపు తటపటాయించింది. చివరికి కాల్షియం అని రాసింది. అది స్ట్రాన్షియం. గది అవతల నిలబడ్డ వేదవతికి కిటికీ లోంచి మంట కనిపించింది. పెదవి కొరుక్కుని పక్కకి తిరిగింది. రామస్వామి నోటి ప్రశ్నలు చాలా అడిగాడు. అన్నింటికీ చెప్పింది. సగం తప్పుకి సగం మార్కులు తీసేసి పాసు వేశాడు. గొప్ప మార్కేమీ కాదు.

"ఇటుక రంగుకీ కుంకం రంగుకీ తేడా తెలీలేదా నీకు?" అంది వేదవతి, ఆయన వెళ్ళాక.

"రెండు ఎర్రగనే కొట్టినయ్ మేడం నా కండ్లకు. ముందుగాల స్ట్రాన్షియం అనే రాసిన. తొందరపడ్డనేమో అని కొట్టేసిన."

"నిదానంగా చూడమంటే, రాసింది కొట్టెయ్యమని కాదే తల్లీ!"

సంతోషి నాలిక కరుచుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది.

పది రోజులు తిరక్కుండానే నంబరు వచ్చింది. వేదవతి రెండో సంవత్సరం హాజరు పట్టీలో సింధూర పేరు కింద సంతోషి పేరు రాసింది. సమ్మెలో పోయిన క్లాసుల కోసం ఇక ప్రతి ఆదివారమూ కాలేజీ ఉంటుందని చెప్పారు. పట్టాభి విసుక్కున్నాడు. అతని సెంటర్లోనూ అదే తంతు.

మొదటి ఆదివారం వేదవతి వచ్చేసరికి కాలేజీ తలుపులు తీయలేదు. తాళంచెవులు ఉన్న అటెండరు అంతయ్య ఇంకా రాలేదు. మెట్ల మీద సంతోషి ఒక్కతే కూర్చుని ఉంది. హయత్‌నగర్ నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చేసిందట. వేదవతి కూడా ఆ మెట్టు మీదే చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుంది. కింద సందులో ఇడ్లీ బండివాడు పెనం తోముకుంటున్నాడు.

"మేడం, ఒకటి అడగనా?"

"అడుగు."

"బంద్ నాడు మీరు అంత దూరం నడుసుకుంట ఎందుకొచ్చిన్రు?"

"పరీక్ష ఉంది కాబట్టి."

"మరి పరీక్ష జరగలేదని ఎందుకు రాసిన్రు?"

"జరగలేదు కాబట్టి."

సంతోషి ఆవిడ మొహంలోకి చూసింది. ఇంకేమైనా చెబుతుందేమోనని కాసేపు ఆగింది. వేదవతి బండివాడి వైపు చూస్తూ, "టిఫిన్ చేశావా?" అంది.

"లేదు మేడం. బస్సు పోతదని ఉరికొచ్చిన."

"పద అయితే. అంతయ్య వచ్చేలోపు రెండు ఇడ్లీలు తినొచ్చు."